ఫీపె బొటనవేలు

వాసితి వచ్చేది శనివారం పూట. పట్నం నుంచి పదకొండు గంటల బస్సు కొబ్బరితోట మలుపులో హారన్ కొట్టగానే ఫెలెతి పలుగు భుజాన వేసుకుని పెండలం చేనికి బయల్దేరేవాడు. అక్క ఇంట్లో ఉన్నంతసేపూ తమ్ముడు ఎదుట పడకుండా మసలడం వాళ్ళ మర్యాద. ఆ మర్యాద తన మొగుడికి బాగా కలిసొచ్చిందని లోసలీనె అనుకునేది. చెప్పాల్సిన మాట చెప్పకుండా తప్పించుకోవడానికి పెండలం చేనుని మించిన చోటు లేదు.

ఆ శనివారమూ అంతే. అతను పెరటి గుమ్మంలోంచి వెళ్తుంటే ఆవిడ వీధి గుమ్మంలోంచి వచ్చింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుని, మర్యాదకు నడుముకు చుట్టుకున్న సన్నచాప సర్దుకుని, "ఏదీ నా మేనకోడలు?" అంది.

ఐదేళ్ళ ఫీపె తల్లి గౌను చాటునుంచి ఇవతలకు వచ్చింది. అడగకుండానే కుడిచెయ్యి ముందుకు చాచింది. వాసితి కళ్ళద్దాలు పెట్టుకుని ఆ బొటనవేలిని సంతలో అల్లంకొమ్ములా అటూ ఇటూ తిప్పి చూసింది. నీళ్ళలో నానిన పప్పుగింజలా తెల్లగా ఉబ్బి ఉంది. కణుపు దగ్గర చిన్న కాయ కాసింది.

"తడిగా ఉందే."

"ఇప్పుడే చేతులు కడిగాను వదినా," అంది లోసలీనె.

"లోసా, ఇరవై రెండేళ్ళుగా పిల్లల నోళ్ళు చూస్తున్నాను. కడిగిన తడి వేరు, చీకిన తడి వేరు. నాకు చెప్తావా?" వాసితి పిల్ల గడ్డం పైకెత్తింది. "ఈ పైపళ్ళు చూడు, ముందుకి ఎలా వస్తున్నాయో. రేపు ఇది నవ్వితే ఊళ్ళోవాళ్ళకి మా నాన్న గుర్తుకు రావాలా, గుర్రం గుర్తుకు రావాలా?"

గుర్రం అనగానే ఫీపెకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ, తెలియకుండానే, వేలు నోట్లో పెట్టేసుకుంది.

వాసితి తిట్టలేదు. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు. కళ్ళద్దాలు తీసి సంచిలో పెట్టుకుంది.

"పోయిన మే నెల పిల్లల ఆదివారం నాడు చర్చి నిండా జనం చూశారు. తెల్లగౌను వేసుకుని వచనం చెప్పడానికి నిలబడ్డ పిల్ల, నోట్లో వేలేసుకుని గుడ్లప్పగించింది. నేను ముందు బల్ల మీద కూర్చున్నాను. దీవిలో అందరి పిల్లల వేళ్ళూ మాన్పించే నర్సమ్మ మేనకోడలు! క్రిస్మస్ దాకా చూస్తాను లోసా. అప్పటికీ మానకపోతే నేను తీసుకెళ్తాను. నా దగ్గరున్న మీ పెద్దది తేపోలాని చూస్తున్నావుగా, ఎంత చక్కగా ఉందో."

"తీసుకెళ్తాను" అంటే అడగడం కాదు, చెప్పడం. ఆ దీవుల్లో తమ్ముడి పిల్లల మీద మేనత్త మాట తండ్రి మాటకంటే పైది. పేరు పెట్టేది ఆవిడే. పెళ్ళిలో, చావులో అందరికంటే ఎత్తున కూర్చునేదీ ఆవిడే. తల్లి వైపువాళ్ళు పొయ్యి దగ్గర ఉంటారు. ఇందులో చెడ్డతనం ఏమీ లేదు. లోసలీనె కూడా తన అన్నదమ్ముల పిల్లలకు మేనత్తే. వాళ్ళిళ్ళకు వెళ్తే ఆమెకూ కుర్చీ వేస్తారు. కాకపోతే ఆమె ఎన్నడూ ఎవరి పిల్లనూ తెచ్చుకోలేదు.

వాసితికి పిల్లల్లేరు, భర్త పోయి చాలా ఏళ్ళయింది. పోయిన ఏడాది ఫిబ్రవరిలో బడులు తెరిచేముందు, పెద్దపిల్ల తేపోలాను పట్నంలో మంచి బడికి పంపిస్తానని తీసుకెళ్ళింది. అప్పటికి దానికి ఆరేళ్ళు నిండాయి. లోసలీనే స్వయంగా దాని గౌన్లు ఇస్త్రీ చేసి సంచిలో సర్దింది. ఊళ్ళో అందరూ "అదృష్టవంతురాలివి" అన్నారు. ఆమె కూడా ఔనంది.

అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకే చాప. ఫీపె రోజూ అక్క చూపుడువేలు గుప్పిట్లో పట్టుకుని నిద్రపోయేది. అక్క వెళ్ళిన రాత్రి ఆ చిన్నచెయ్యి చాపంతా తడిమింది. ఏమీ దొరకలేదు. తర్వాత తన వేలే నోట్లో పెట్టుకుని పడుకుంది. లోసలీనె పక్కనే కూర్చుని చూసింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అంటే వదినను తప్పుపట్టినట్టు అవుతుంది.

మాన్పించడానికి ఆమె చెయ్యని పని లేదు. వదిన చెప్పిందని మిరపకాయ రుద్దితే పిల్ల ఆ చేత్తోనే కళ్ళు నులుముకుని పూటంతా ఏడ్చింది. నోని కాయ పసరు పూస్తే మూడో రోజుకి ఆ కంపే అలవాటైపోయి నాకేసింది. చేతికి మేజోడు తొడిగి కట్టు కడితే పళ్ళతో ముడి విప్పుకుంది. తిడితే ఎక్కువ చీకేది. బుజ్జగిస్తే నిద్రలో చీకేది.

వాసితి వెళ్ళిన సాయంత్రం లోసలీనె మొగుణ్ణి పట్టుకుంది.

"మీ అక్కతో ఒక్క మాట చెప్పరాదూ?"

"ఏమని?"

"చిన్నది మా దగ్గరే ఉంటుందని."

ఫెలెతి కాళ్ళకు మట్టి కడుక్కుంటున్నవాడు చెంబు కింద పెట్టి ఆమె వంక చూశాడు. ఎవరూ పని ముట్టని ఆదివారం నాడు చేపలు పట్టడానికి రమ్మన్నట్టు చూశాడు.

"అక్కతోనా? నేనా? నీకు మతిపోయిందా లోసా? దాని వేలు మాన్పించు, గొడవే ఉండదు. చిటికెడు పని."

"చిటికెడా? అయితే నువ్వే మాన్పించు."

"అది ఆడవాళ్ళ పని," అని చెంబెత్తాడు.

మొగలి ఆకులు చీల్చి చాపలు నేసే పాకలో సోమవారం ఈ సంగతే నలిగింది. ఎనిమిది మంది వరసగా కూర్చుని నేస్తున్నారు. అందరికంటే పెద్దది లవేనీ. పళ్ళు నాలుగే ఉన్నాయి కానీ నోరు మాత్రం నలభై పళ్ళ నోరు.

"ఏమే లోసా, నీ ఆడపడుచు చిన్నదాన్నీ బుట్టలో పెడుతోందటగా?"

"మానితే వదిలేస్తుందంట పెద్దమ్మా."

"మా మూడోవాడు పెళ్ళిరోజు దాకా చీకాడు. పెళ్ళయ్యాక పెళ్ళామే మాన్పించింది. వాడి పళ్ళకేం, కొబ్బరి పీచు ఒలుస్తాడు." అందరూ నవ్వారు. లవేనీ నవ్వలేదు. చాప అంచు మడిచి మోకాలి కింద నొక్కిపెట్టి, గొంతు తగ్గించి అంది. "పిచ్చిదానా, ఇంటికొస్తే ఆవిడ మేనత్త. నువ్వు నోరెత్తలేవు. అదే పళ్ళాసుపత్రిలో అయితే నర్సు. బల్ల మీద కూర్చున్నవాళ్ళందరితో ఎలా మాట్లాడుతుందో నీతోనూ అలాగే మాట్లాడాలి. పిల్లని తీసుకుని అక్కడికే వెళ్ళు. చీటీ తీసుకుని వరసలో కూర్చో."

ఆ మాట లోసలీనెకు నచ్చింది. రెండు రోజులు దాన్ని తిప్పి తిప్పి చూసుకుంది. గురువారం పొద్దున ఫీపెకు జడలు వేసి ఏడింటి బస్సెక్కింది.

పళ్ళాసుపత్రి వసారాలో పొడుగు బల్ల మీద తల్లులూ పిల్లలూ కూర్చుని ఉన్నారు. ఆమె చీటీ పదిహేడు. లోపలి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి మాటలు బయటకు వినిపిస్తున్నాయి. వాసితి గొంతే. కానీ ఆ గొంతు లోసలీనె ఎన్నడూ వినలేదు.

"కొట్టకండమ్మా. కారం, పసరు అసలే వద్దు. అది తప్పు చెయ్యడం లేదు, దిగులు తీర్చుకుంటోంది. మానిన రోజు మెచ్చుకోండి. మానని రోజు చూడనట్టు ఊరుకోండి..."

కారం పూయమన్నది ఎవరు? లోసలీనె చీటీని వేళ్ళ మధ్య నలిపింది.

పదిహేడు పిలిచారు. తెల్ల యూనిఫాంలో ఉన్న వాసితి తలెత్తి చూసి, కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చుంది.

"ఇక్కడికెందుకొచ్చావ్? శనివారం నేనే వస్తున్నానుగా," అంది మెల్లగా.

"చీటీ తీసుకున్నాను వదినా. పదిహేడు."

బయట బల్ల మీదవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. వాసితి కాగితం ముందుకు లాక్కుంది.

"పాప పేరు?"

ఆ పేరు పెట్టింది ఆవిడే. అయినా అడిగింది, చెప్పింది రాసుకుంది. వయసు అడిగింది. పిల్లను కుర్చీ ఎక్కించి, అద్దంతో నోరు చూపించి, "నీ నోట్లో ఎన్ని పళ్ళున్నాయో తెలుసా బంగారం?" అంది. ఫీపె మేనత్తను కొత్తమనిషిలా చూస్తూ తల అడ్డంగా ఊపింది.

"ఈ అలవాటు ఎప్పుడు మొదలైంది?"

"పోయిన ఏడాది ఫిబ్రవరిలో."

"ఆ రోజుల్లో ఇంట్లో మార్పేదైనా వచ్చిందా? కొత్తబిడ్డ పుట్టడం, చావు, ఊరు మారడం, దగ్గరివాళ్ళెవరైనా ఇల్లు వదిలి..."

వేలసార్లు చదివిన వరస. చివరి మాట దగ్గర కలం ఆగింది.

"చివరిదే వదినా," అంది లోసలీనె. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం ఎదురు చెప్పడం కాదు. "రాసుకోండి. పక్కలో పడుకునే అక్క వెళ్ళిపోయింది. అక్క వేలు పట్టుకుని పడుకునేది. ఆ రాత్రి నుంచే ఇది."

వాసితి రాసుకుంది. రాసి చాలాసేపు ఆ కాగితం వంకే చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు వదినా."

"ఔను. అడగలేదు." వాసితి కలం కింద పెట్టింది. "ఇది నా తప్పే లోసా. ఇంతమందికి చెప్తాను, నా ఇంటి పిల్ల దగ్గర చూసుకోలేదు."

తేపోలా గౌన్లు సర్దిన సంచి లోసలీనె కళ్ళముందు మెదిలింది. అది తిరిగి గుమ్మంలోకి వస్తున్నట్టు అనిపించింది.

"ఇద్దరినీ విడదీయకూడదు," అంది వాసితి. "ఒక్కదాన్నే తీసుకురావడం ఎంత పొరపాటో ఇప్పుడు తెలిసింది. ఎల్లుండి శనివారం వచ్చి దీన్నీ తీసుకెళ్తాను. ఇక క్రిస్మస్ దాకా ఆగక్కర్లేదు."

బయట బల్ల మీదనుంచి ఒకావిడ, "ఎంత మంచి మేనత్తో చూడండి," అంది. పక్కావిడ చప్పుడు చేస్తూ ముక్కు చీదింది. పాపం ఏడుస్తోంది.

లోసలీనె తన నోటితో తనే చెప్పి చిన్నదాన్నీ ఇచ్చేసింది. కాదంటే ఏమని కాదంటుంది? అబద్ధం చెప్పానని అనాలా? ఫీపె కుర్చీలోంచి జారి దిగి వచ్చి ఆమె తొడకు ఆనుకుంది. ఆ బరువు తగలగానే ఒకటి తోచింది. తమ్ముడి పెళ్ళాం సేవ చేస్తానంటే ఏ ఆడపడుచూ వద్దనదు. నలుగురి ముందు అసలే అనదు.

"అలాగే వదినా. నేనూ వస్తాను. ఇద్దరు పిల్లలతో మీకు పని ఎక్కువవుతుంది. వంట, బట్టలు నేను చూసుకుంటాను."

వాసితి ఆమె వంక ఒక్క క్షణం నిదానంగా చూసింది. తర్వాత బల్ల వంక చూసింది.

"అంతకంటేనా," అంది.

వాసితి ఇల్లు పట్నంలో పాత రేవు దగ్గర. పాలరాయిలాంటి నేల, గాజుపలకల కిటికీలు. లోసలీనె పక్క వంటింటి తలుపు దగ్గర. గోడకు వాసితి ఒక కాగితం అంటించింది. దాని మీద ముప్పై చేపల బొమ్మలున్నాయి. పొద్దున నిద్ర లేచాక బొటనవేలు పొడిగా ఉంటే ఒక చేపకు రంగు వేస్తారు. పగటి నిద్రయినా, రాత్రి నిద్రయినా ఒక్కసారి తడిస్తే కొత్త కాగితం, మళ్ళీ ఒకటో చేప నుంచి. ముప్పై నిండితే అలవాటు పోయినట్టే లెక్క. ఇదే పట్టీ ఆవిడ ఆసుపత్రిలో అందరికీ ఇస్తుంది.

మొదటి రాత్రే ఫీపె అక్క వేలు పట్టుకుని పడుకుంది. పొద్దున్నకి వేలు పొడిగా ఉంది. వాసితి చప్పట్లు కొట్టి, రొట్టె మీద జామ్ మందంగా రాసి ఇచ్చింది. మూడో రోజు, ఐదో రోజు, పదో రోజు. చేపలకు ఎరుపు, పసుపు, నీలం వచ్చాయి. ఎంత మాన్పించినా మానని అలవాటు ఒక చూపుడువేలుతో పోయింది.

లోసలీనె సంతోషించింది. అది నిజం. పిల్ల పై పెదవి దగ్గర ఎర్రగా ఒరుసుకుపోయిన చోట మానుతుంటే ముద్దు పెట్టుకుంది. ఆ తర్వాతే చేపలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

తేపోలా ఆమెను ఏమని పిలవాలో తేల్చుకోలేక అసలు పిలవడం మానేసింది. వాసితిని "అమ్మా" అంటుంది. మొదట్లో ఆ కేక వినగానే వంటింట్లోంచి లోసలీనె కూడా "ఆఁ" అనేది. తర్వాత నాలుక కరుచుకోవడం నేర్చుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల. కాళ్ళు ముడుచుకుని పెద్దమనిషిలా కూర్చుంటుంది, గిన్నె తీసి ఇస్తే "థాంక్యూ" అంటుంది, జడ మాత్రం ఎవర్నీ వేయనివ్వదు. ఒకరోజు చేపల ముందు నిలబడి, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"నువ్వు ఎన్నాళ్ళుంటావ్?"

"ఇవన్నీ అయ్యేదాకా."

తేపోలా వేలితో తాకుతూ రంగు వెయ్యని చేపల్ని లెక్కపెట్టుకుని వెళ్ళిపోయింది.

ఫెలెతి శనివారాల్లో పెండలం గంప తెచ్చేవాడు. అక్క ఇంట్లోకి రాడు. దడి అవతలే గంప దించి, "బాగున్నారా?" అని అడిగి, "బాగున్నాం" అనగానే బరువు దిగినవాడిలా వెళ్ళిపోయేవాడు. ఒకసారి మాత్రం అతని చొక్కాకు గుండీలు లేకపోవడం చూసి లోసలీనె దడి మీదనుంచే సూదితో రెండు గుండీలు కుట్టింది. "ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటోంది," అన్నాడు. "మీ అక్కతో చెప్పు," అంది. ఇద్దరూ కాసేపు నవ్వారు. అందులో నవ్వేమీ లేదు.

ఇరవై తొమ్మిదో చేప ఆదివారం వచ్చింది. చర్చి నుంచి రాగానే మట్టి కప్పిన రాళ్ళపొయ్యి తవ్వి, చేమాకుల్లో కొబ్బరిపాలూ మాంసమూ కట్టిన పొట్లాలు తీసి వడ్డించింది లోసలీనె. వాసితి తృప్తిగా తిని, చేతులు కడుక్కుంటూ అంది.

"రేపటితో ముప్పై. నీ పుణ్యమా అని ఇల్లు అద్దంలా ఉంది లోసా. ఇక నువ్వు వెళ్ళు. నా తమ్ముడు ఎన్నాళ్ళని వండుకు తింటాడు? రేపు మధ్యాహ్నం బస్సుంది."

"ఫీపె బట్టలు సర్దనా వదినా?"

వాసితి వింతగా చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"ఫీపె ఎక్కడికి? మళ్ళీ విడదీస్తే మళ్ళీ మొదటికొస్తుంది. నువ్వేగా చెప్పావు."

ఔను, తనే చెప్పింది. లోసలీనె కంచాలు ఎత్తింది.

ఆదివారం భోజనాలయ్యాక ఊరంతా పడుకుంటుంది. కుక్కలు కూడా మొరగవు. వాసితి లోపలి గదిలో తెర వేసుకుంది. పిల్లలిద్దరూ ముందుగదిలో చాప మీద ఉన్నారు. గిన్నెలు తోమి చేతులు తుడుచుకుంటూ వచ్చిన లోసలీనె వాళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఫీపె నోరు కొంచెం తెరిచి ఉంది. ఎడమచెయ్యి అక్క వేలిని పట్టుకుని ఉంది. కుడిచెయ్యి ఖాళీగా పొట్ట మీద పడి ఉంది.

ఒక్కసారి తడిస్తే కొత్త కాగితం. ముప్పై రోజులు.

ఆమె ఆ కుడిచెయ్యి ఎత్తింది. బొటనవేలు ఇప్పుడు అన్ని వేళ్ళలాగే ఉంది, చర్మం గట్టిపడింది, కాయ ఊడిపోయింది. దాన్ని పిల్ల పెదవుల దాకా తీసుకెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. మిరపకాయ రుద్దిన చెయ్యి తనదే. కళ్ళు మండి పిల్ల గుక్కపెట్టిన ఏడుపు చెవుల్లో వినిపించింది. చెయ్యి వెనక్కి రాలేదు, ముందుకూ పోలేదు.

"ఏం చేస్తున్నావ్?"

తేపోలా కళ్ళు తెరిచి ఉన్నాయి. ఎప్పటినుంచి తెరిచి ఉన్నాయో.

"ఏం లేదు. పడుకో." లోసలీనె పిల్ల చెయ్యి దాని పొట్ట మీదే దించేసింది.

"రేపు ముప్పై అయితే నువ్వు వెళ్ళిపోతావా?"

"వెళ్ళాలి."

"ముప్పై కాకపోతే?"

తేపోలా తల తిప్పి లోపలి గది తెర వంక చూసింది. తర్వాత చెల్లెలి వేళ్ళను ఒక్కొక్కటే, వలలో చిక్కిన పీతను విడిపించినట్టు నెమ్మదిగా, తన చూపుడువేలి మీదనుంచి విప్పింది. చెయ్యి లాక్కుని గుండెల కింద దాచుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

ఫీపె చెయ్యి చాప మీద అటూ ఇటూ తడుముకుంది. దగ్గరలోనే లోసలీనె మోకాలుంది, మోకాలి మీద ఆమె చేతులున్నాయి. తన వేలొకటి అందిస్తే చాలు. ఆమె రెండు చేతులూ గౌను మడతల్లో దోపుకుంది. చిన్నచెయ్యి చాప అంచుదాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది. పొట్ట మీది కుడిచెయ్యి లేచి, మెడ దగ్గర కాసేపు ఆగి, మెల్లగా నోటివైపు పాకింది.

లోపల మంచం కిర్రుమంది.

"లోసా, పిల్లలు లేచారా?"

"ఇంకా లేదు వదినా," అంది ఆమె. "ఇంకాసేపు పడుకోనివ్వండి."